ముట్టుకోకపోతే చెడదా?

"పనిచేస్తున్న సర్వరును కదపకండి మాస్టారూ, అప్‌డేట్ చేస్తే ఉన్నదీ ఊడుతుంది." ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు వెబ్‌సైట్లు కట్టిపెట్టే ఒక యువకుడు, లినక్సు ఓనమాలు దిద్దుకుంటున్న నాకు చేసిన ఉపదేశమిది. నేనంగీకరించను.

2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 'హార్ట్‌బ్లీడ్' లోపం బయటపడింది. అంతకు ముందు రెండేళ్ళూ ఆ సర్వర్లు లక్షణంగా పనిచేస్తూనే ఉన్నాయి! అడగనేర్చినవాడికి మెమొరీలోని రహస్యాలు ఒలకబోయడానికీ సిద్ధంగానే ఉన్నాయి. డెబియన్ వంటివారు సవరించిన ప్యాకేజీని వెంటనే అందించారు. తెచ్చుకోనివానికి దానివల్ల ఏమి ప్రయోజనం? పాత 0.9.8 తో ఆగినవారు బ్రతికిపోయారు కదా అంటారేమో. నిజమే. దానికీ 2015తో సవరణలు ఆగిపోయాయి.

మరికొందరు 'ఆప్ట్ అప్‌డేట్' కొట్టి నిశ్చింతగా నిద్రపోతారు. అది జాబితాను మాత్రమే తాజాపరుస్తుంది. 'ఆప్ట్ అప్‌గ్రేడ్' అంటేనే కొత్తవి దిగుతాయి. పోస్టరు చూస్తే సినిమా చూచినట్లా? (ఈ పేటలో ఇంతకంటె మంచి ఉపమానం దొరకదు.)

చెడుతుందని భయమా? ముందుగా నకలు తీసిపెట్టుకోవచ్చు. యంత్రం అవునా కాదా అని అడిగేముందు చూపే పట్టికను చదువవచ్చు. ఆ యువకుని సర్వరులో అభిమానుల ఫోను నంబర్లు, సంకేతపదాలు ఉన్నాయి. కదపవద్దన్న నిర్ణయం వారినడిగి చేశాడా?