రంగులేసే ఆటలో పేకముక్కలకేం పని?

ఇవాళ మిర్చి రేటు గురించి కాదు, నల్లి గురించీ కాదు. మన పిల్లల చేతిలో ఉన్న ఫోన్ గురించి. కాస్త పొడుగ్గా ఉంటది, ఓపిక చేసుకుని చదవండి.

మొన్న కల్లంలో కాయలు ఆరబోసి కూర్చున్నాం. మా చిన్నది, ఒకటో తరగతి, నా ఫోన్లో బొమ్మలకి రంగులేసే ఆట ఆడుకుంటా ఉంది. ఉన్నట్టుండి నా దగ్గరికొచ్చి, "నాన్నా, ముక్కలాడితే డబ్బులొస్తాయంట. మన అప్పు కట్టెయ్యొచ్చుగా?" అంది.

నాకు నోట మాట రాలేదు. అప్పు సంగతి ఆరేళ్ళ పిల్లకి తెలిసిపోయిందే అని సిగ్గేసింది. అది తీరే దారి పేకాటని ఎవడో నేర్పాడే అని ఒళ్ళు మండింది.

ఫోన్ తీసుకుని పావుగంట నేనే ఆ ఆట ఆడా. మొదట పేకాట ప్రకటన. తర్వాత లోన్ యాప్. ఆ తర్వాత ఒంటిమీద సరిగ్గా బట్టల్లేని అమ్మాయి వీడియో కాల్ చెయ్యమని పిలవడం. మూసేద్దామంటే ఇంటూ గుర్తు ఆవగింజంత. నా వేలికే దొరకలేదు, నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంది. పసిపిల్ల వేలికేం దొరుకుద్ది? "దానికి చదవడం రాదుగా" అనుకోకండి. ఆ ప్రకటన తెలుగులో మాట్లాడుద్ది.

మన ఊళ్ళో చెట్టు కింద నలుగురు ముక్కలు పంచుకుంటే పోలీసులొచ్చి పట్టుకుపోతారు. అదే పేకాటకి మన పిల్లల్ని ఇంట్లోకొచ్చి పిలిస్తే అడిగేవాడు లేడు. ఇదెక్కడి న్యాయం?

"ఫోన్ ఇవ్వకపోతే పోలా" అంటారు కొందరు. నిజమే, తగ్గించాలి. కానీ కోతలప్పుడు ఆలుమగలిద్దరం చేలోనే ఉంటాం. ముసలమ్మ దగ్గర పిల్లని కూర్చోబెట్టాలంటే ఏదో ఒకటి చేతిలో పెట్టాల్సొస్తంది. అయినా పక్కోడు గేదెల్ని మన చేలోకి తోలితే, కంచె ఎందుకేసుకోలేదని మనల్నే తిడతారా? కంచె మనమే వేసుకోవాలి. అలాగని తోలినోడి తప్పు తప్పు కాకుండా పోదు.

అసలిది ఎలా జరుగుద్దో తెలుసుకోండి. ఆట ఉచితం అంటాడు. ఆటలో ప్రకటన వేసే చోటుని రెప్పపాటులో కంప్యూటర్లే వేలం వేస్తాయి. యార్డులో మన కాయల్ని వ్యాపారి చేత్తో పట్టుకుని చూసి పాడతాడు. ఇక్కడ అవతల చూసేది ఎవరో చూడకుండానే పాట కొట్టేస్తారు. ఫోన్ నాది, అకౌంట్ నాది, అందులో వయసు నాది. కాబట్టి వాళ్ళ లెక్కలో ఆడేది ఆరేళ్ళ పిల్ల కాదు, అప్పులున్న మగాడు. అందుకే పేకాట, లోను, వీడియో కాలు.

ఆట మీద 3+ అని ఉంటదిగా అంటారు. పురుగు మందు డబ్బా మీద ఎర్ర ముక్కోణం ఉంటే జాగ్రత్త పడతాం, ఆకుపచ్చది ఉంటే కాస్త ధైర్యంగా ఉంటాం. డబ్బాలో మందు మారిస్తే ఆ గుర్తుకి విలువేముంది? ప్రకటనలు కూడా రేటింగుకి తగ్గట్టే ఉండాలని ప్లేస్టోర్ నిబంధన ఉంది. నిబంధన కాగితం మీదుంది, పేకాట మా పిల్ల చేతిలో ఉంది.

చట్టాలు లేవా? ఉన్నాయి. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, వాటి ప్రకటనల్ని కూడా నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రకటన వేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. 18 ఏళ్ళలోపు పిల్లల్ని గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని 2023లో డేటా రక్షణ చట్టం చేశారు. దాని నియమాలు రావడానికి 2025 నవంబర్ అయింది, అసలు నిబంధనలకి ఇంకో 18 నెలలు గడువిచ్చారు. కంపెనీలకి గడువులిస్తారు. పిల్లల పసితనానికి గడువెవరిస్తారు?

అందుకని మనం చెయ్యాల్సింది:

1. పిల్లకిచ్చే ముందు డేటా ఆపండి. నెట్ లేకుండా నడిచే ఆటలే ఉంచండి. చాలావరకు ప్రకటనలు రావు.

2. ఆట దించుకునే ముందు పేరు కింద "యాడ్స్ ఉన్నాయి" అని ఉందేమో చూడండి.

3. ఇంట్లో పాత ఫోన్ ఉంటే పిల్ల అసలు వయసుతో, ఫ్యామిలీ లింక్ ద్వారా వేరే అకౌంట్ పెట్టండి. సెట్టింగ్సులో పేరెంటల్ కంట్రోల్స్‌కి పిన్ పెట్టండి. ఇది కొత్త ఆటలు దించకుండా ఆపుద్ది, ఉన్న ఆటలో ప్రకటనల్ని ఆపదు. గుర్తుంచుకోండి.

4. ఫోన్‌పే, గూగుల్‌పే పిన్ పిల్లల ముందు కొట్టొద్దు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

5. చెడ్డ ప్రకటన కనపడితే స్క్రీన్‌షాట్ తీయండి. ప్రకటన మూల ఉండే చిన్న గుర్తు నొక్కి ఫిర్యాదు చెయ్యండి. ప్లేస్టోర్లో ఆ ఆటకి ఒక్క స్టార్ ఇచ్చి, ఎందుకిచ్చారో తెలుగులోనే రాయండి. ప్రకటనల మండలి ఆస్కీకి కూడా పంపొచ్చు.

ఒక్కడు రాస్తే పట్టించుకోరు. నకిలీ విత్తనాలప్పుడు ఖాళీ సంచులు పట్టుకుని అందరం కలిసి వెళ్తేనే కదా షాపువాడు దిగొచ్చింది. ఇదీ అంతే.

బడిలో ఈసారి తల్లిదండ్రుల మీటింగులో నేను ఈ మాట ఎత్తుతున్నా. మీ ఊళ్ళో మీరూ ఎత్తండి. ఈ రాత్రికి మాత్రం మీ పిల్ల ఆడే ఆట పావుగంట మీరే ఆడి చూడండి. ఏమొచ్చిందో కింద రాయండి.