భూమి ఇంటూ ఎత్తు

లెక్కలకి కులం లేదంటారు. ఎక్స్‌కి లేదు, త్రిభుజానికీ లేదు, ఒప్పుకుంటాను. నల్లబల్ల కాడికెళ్లే దారికి మాత్రం ఉంది. 1907లో బొంబాయిలో మెట్రిక్ పాసైన అంబేద్కర్‌ని, బడిలో ఒకనాడు మేష్టారు లెక్క చెయ్యమని బోర్డు దగ్గరికి పిలిచాడు. బోర్డు వెనకాల పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని సవర్ణుల పిల్లలు గోలచేస్తూ పరిగెత్తి వాటిని లాగేసుకున్నారు. ఆయన జీవితచరిత్రలోనే ఉంది ఈ సంగతి. సుద్దముక్క పట్టకముందే ఆ పిల్లాడికి పడిన లెక్క అది.

మాది గోవాడ. నేను చదువుకున్నప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఊరి పేరు చెబితే సహకార చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది అందరికీ. దానికెళ్లే చెరుకు నరికి, మోపులు కట్టి, బళ్లకెత్తిన మా మాలపేట ఎవరికీ గుర్తురాదు.

హోంవర్కు అంటే ఇంటిపని. ఆ ఇంట్లో దీపముండాలి, కుదురుగా కూచునే చోటుండాలి, తప్పొస్తే దిద్దే తండ్రుండాలి. లేదంటే ప్రైవేటుకి పంపే డబ్బుండాలి. మా ఇంట్లో ఒక బుడ్డిదీపం, కిరసనాయిలు అయిపోతుందని దాన్ని పెందలాడే ఆర్పేసే అమ్మ. కంపాసు పెట్టి లేదు. వృత్తం గియ్యాలంటే అమ్మ గాజు బోర్లించి గీసేవాణ్ని. వ్యాసార్థం ఎంతరా అంటే ఏం చెప్పాలి? అమ్మ చెయ్యి ఎంతుంటే అంత! మర్నాడు గోడకుర్చీ. దాంతోపాటు, "మీకు లెక్కలెక్కడొస్తాయిరా" అన్న మాట. దెబ్బ పడింది మా ఇంటి లేమికి. లెక్కలు రావని రాసింది మాత్రం మా కులం మీద.

ఆ మాట పచ్చి అబద్ధం. మా పేట తాపీవాళ్లు పునాదికి మూల తియ్యాలంటే తాడేసి ఒక పక్క మూడు, ఇంకో పక్క నాలుగు కొలిచి, అడ్డంగా ఐదొచ్చేదాకా జరుపుతారు. పైథాగరస్ సిద్ధాంతం అంటే అదే. యజ్ఞవేదికలకి కొలతలు చెప్పిన శుల్బసూత్రాలు శాస్త్రమైపోయాయి. శుల్బమంటే తాడే. అదే తాడు మా చేతిలో ఉంటే కూలిపని!

లెక్క రాకపోతే ఏం పోతుందంటారా? మా అయ్య చేసిన కౌలు చెక్క చూడండి. నాలుగు గట్లూ నలభయ్యేసి గజాలు. భూమిగలాయన నలభైని నలభైతో హెచ్చవేసి 1600 చదరపు గజాలన్నాడు. అంటే 33 సెంట్లు. కానీ ఆ చెక్క చతురస్రం కాదు, ఒక పక్కకి వాలిపోయిన సమచతుర్భుజం. దాని వైశాల్యం భూమి ఇంటూ ఎత్తు. ఒక గట్టు నుంచి ఎదర గట్టుకి నిట్టనిలువుగా తాడేస్తే 30 గజాలే. 1200 చదరపు గజాలు, 25 సెంట్లు కూడా లేదు. లేని ఎనిమిది సెంట్లకి మా అయ్య ఏటేటా కౌలు కట్టాడు.

ఆ సంగతి చెబితే అయ్య నవ్వాడు. "దున్నేవోడికి తెల్దేటిరా నేలెంతో? సెప్తే ఇనేదెవుడు?"

ఆయన నాగలితో తెలుసుకున్నది కాగితమ్మీద రుజువు చెయ్యగలిగితే వినక చస్తారా? అందుకే కాగితం మన చేతికి రానివ్వలేదు. వంశపారంపర్యంగా కొలతలూ లెక్కలూ గుప్పిట్లో పెట్టుకున్న కరణాల వ్యవస్థని 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. కరణం పోయాడు. కాగితం పట్టుకున్నోడి కొలతే కొలతనే పద్ధతి పోలేదు.

కాబట్టి ఇంటిలెక్కలు బడిలోనే, మేష్టారి ఎదటే చేయించమని అడగాలి. అది జరిగేదాకా విద్యార్థులు సాయంత్రాలు పేటలకొచ్చి బీజగణితం, రేఖాగణితం చెప్పాలి. కార్యకర్తలకి ఒక మాట. భూమి కావాలని ఊరేగింపులు తీస్తున్నాం, తియ్యాలి. చేతికొచ్చిన పట్టాలో రాసినన్ని సెంట్లు నేలమీద ఉన్నాయో లేదో తాడేసి తేల్చే ఆడపిల్ల పేటకొకర్తి తయారవ్వాలి. తప్పు కొలిచిన ఆఫీసరుకి గోడకుర్చీ ఎప్పుడెయ్యాలో ఆ పిల్లే చెబుతుంది.