ముందు నీళ్లు తాగించండి

రోమ్‌లో ఉన్న రోజుల్లో మనవైపు నుంచి స్నేహితులెవరొచ్చినా ముందు కొలోసియం చూపించమనేవారు. నేను మాత్రం వీధి కుళాయి దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. 1874లో మొదలైన ఇనుప కుళాయిలవి. వంకర గొట్టాన్ని చూసి అక్కడివాళ్లు ‘పెద్దముక్కు’ అంటారు. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి చల్లటి నీళ్లు చిమ్ముకొస్తాయి. ఎండనపడి వచ్చిన మొహాలు ఒక్కసారి తేటపడేవి.

ఆ తర్వాతే పురాతన రోమన్ ఆలయం పాంథియన్. కప్పు నడుమ ఆకాశంలోకి తెరిచిన గుండ్రటి కన్ను, అందులోంచి లోపలికే పడే వాన, ఆ నీరు పోవడానికి నేలలో చిన్న చిన్న బెజ్జాలు. అక్కడ ఎవరికీ మాట పెగిలేది కాదు.

గంటకో కట్టడం చొప్పున పరుగెత్తించడం ఆతిథ్యం కాదని నా గట్టి నమ్మకం. ఈ యాత్రా సంచికలోని వ్యాసాలన్నీ నింపాదిగా తిరిగినవాళ్లు రాసినవే. మీ ఊరొచ్చిన వాళ్లని ముందు ఎక్కడికి తీసుకెళ్తారో మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.