ఆప్షన్ల వరస ఎవరిది?

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చినప్పటి నుంచి సీటు అలాట్ అయ్యేదాకా మన ఇళ్లల్లో నడిచేదాన్ని అందరం 'కౌన్సెలింగ్' అంటాం. పేరుకే అది కౌన్సెలింగ్. కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు అందులో ఎవరూ ఉండరు. ఒక వెబ్‌సైట్, ఒక లాగిన్, కాలేజీ కోడ్లూ బ్రాంచి కోడ్లూ నిండిన ఇంత పొడుగు పట్టిక. దాంట్లో 1, 2, 3 అని అంకెలు వేసుకుంటూ పోవాలి. రాబోయే నాలుగేళ్లు ఎక్కడ, ఏం చదువుతామన్నది ఆ అంకెల వరసే తేలుస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ వరస చదవబోయే వాళ్లది. అమ్మానాన్నలు చేయాల్సిన పని అంతకంటే ముందే ఉంది. అది చిన్న పనేం కాదు, వాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేరు కూడా.

మాది మలక్‌పేట. మహబూబ్ మాన్షన్ గంజ్‌లో ఉల్లిగడ్డల వ్యాపారం చేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లు, చిన్న గుమాస్తాలు కలిసి ఉండే పేట. ఇంజినీరింగ్‌లో చేరానని తెలిసినప్పటి నుంచి వెబ్ ఆప్షన్లు మొదలవగానే చుట్టుపక్కల ఇళ్ల నుంచి నాకు పిలుపులొస్తాయి. "జర వచ్చి ఆప్షన్లు పెట్టిపో బిడ్డా" అని. వెళ్లిన ప్రతి ఇంట్లో దాదాపు ఒకే దృశ్యం. ఫోన్ నాన్న చేతిలో ఉంటుంది. పక్కింటాయనో మేనమామో ఫోన్లో లిస్టు చెప్తుంటాడు. పరీక్ష రాసిన మనిషి మాత్రం మంచం చివర కూర్చుని, అడిగినప్పుడల్లా హాల్ టికెట్ నంబర్ చెప్తూ ఉంటుంది.

అలా కూర్చున్నప్పుడు తప్పకుండా వినిపించే మాట ఇంకొకటి: "మనకు రాని కాలేజీ మొదట పెడితే ఆప్షన్ వేస్ట్ అయితది గదా?"

కాదు. ఇది అర్థమైతే సగం గొడవ తీరుతుంది. సీట్ల కేటాయింపు ర్యాంకుల వరసలో జరుగుతుంది. మన ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మన మొదటి ఆప్షన్ చూస్తుంది. అక్కడ మన కేటగిరీకి సీటు ఉంటే ఇస్తుంది, లేకపోతే రెండోది, తర్వాత మూడోది. మొదటి ఆప్షన్ దొరకలేదని రెండోదానిలో మన ప్రాధాన్యం తగ్గదు. మనకంటే వెనక ర్యాంకు వాళ్లు అదే కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా వాళ్ల వంతు మన తర్వాతే. అంటే 'ఏది వస్తుందో' లెక్కవేసి వరస పెట్టాల్సిన పని లేదు. 'ఏది కావాలో' ఆ వరసలో పెడితే చాలు. గత ఏడాది చివరి ర్యాంకులు కాలేజీల వారీగా, కేటగిరీల వారీగా వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. లిస్టు కింది భాగంలో మనకు తగినన్ని కాలేజీలు ఉన్నాయో లేదో చూసుకోవడానికి అవి పనికొస్తాయి. పైభాగాన్ని కత్తిరించుకోవడానికి కాదు.

పెద్దవాళ్ల భయానికి కారణం లేకపోలేదు. 1986లో ఎంసెట్ మొదలైంది. వెబ్ కౌన్సెలింగ్ వచ్చేదాకా పిల్లలు తల్లిదండ్రులతో కలిసి మాసాబ్ ట్యాంక్‌లోని సాంకేతిక విద్యా భవన్ లాంటి చోట్లకు వెళ్లి, తమ ర్యాంకు పిలిచినప్పుడు మిగిలి ఉన్న సీట్లలోంచి ఒకటి ఎంచుకునేవాళ్లు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న 'ఏమున్నయ్?' అన్నదే. ఇప్పుడు ఏం మిగిలిందో తెలియకముందే అన్నిటికీ వరస పెట్టాలి. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న 'నీకేం కావాలి?' పద్ధతి మారింది గానీ ఇంట్లో ప్రశ్న మారలేదు. ఆ పాత ప్రశ్నతోనే కొత్త పట్టిక నింపుతున్నాం.

మరి 'ఏం కావాలి' అన్నది ఎవరు చెప్పాలి? చదివేవాళ్లు కాక ఇంకెవరు చెప్తారు? "పదిహేడేళ్ల పిల్లకు ఏం తెలుసు? ఫీజు కట్టేది మేం గదా" అని మీ ఇంట్లోనూ అనే ఉంటారు. అందులో న్యాయం ఉంది. పదిహేడేళ్లకు సివిల్‌కీ మెకానికల్‌కీ తేడా పూర్తిగా తెలియకపోవచ్చు. కన్వీనర్ సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచీలవే అయిపోయిన రోజుల్లో వేరే బ్రాంచి గురించి చెప్పేవాళ్లే తక్కువ. కానీ ఆ తెలియనితనం నలభై అయిదేళ్ల నాన్నకూ ఉంది, లిస్టు చెప్పే పక్కింటాయనకూ ఉంది. ముగ్గురికీ తెలియనప్పుడు, రేపు పొద్దున బస్సెక్కి ఆ క్లాసులో కూర్చోవాల్సిన మనిషి మాటకు కొంచెం ఎక్కువ బరువు ఉండాలి. సెమిస్టర్ సెమిస్టర్‌కీ బ్యాక్‌లాగ్‌లతో లెక్క తేలేది ఆ మనిషికే.

ఇక డబ్బు సంగతి. అమ్మానాన్నలు నిజంగా చేయాల్సిన మొదటి పని ఇదే: లెక్క విప్పి చెప్పడం. మన ఇళ్లల్లో పిల్లల ముందు డబ్బు మాట ఎత్తరు. "నువ్వు చదువుకో, పైసల సంగతి నేను చూసుకుంట" అంటారు. అది ప్రేమే. కానీ ఆ ప్రేమ వల్ల పిల్లలు గాల్లో లిస్టు తయారుచేసుకుంటారు. చివరి రోజు నాన్న వచ్చి నాలుగు కాలేజీలు కొట్టేస్తాడు. ఎందుకో చెప్పడు. పిల్లేమో తన మీద నమ్మకం లేదనుకుంటుంది.

అంకెల్లో చూద్దాం. 2022లో మూడేళ్లకు ఖరారు చేసిన కన్వీనర్ కోటా ఫీజుల్లో కనిష్ఠం ఏడాదికి 45 వేలు, గరిష్ఠం 1.60 లక్షలు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మనలాంటి ఇళ్లకు ఇంజినీరింగ్ అందుబాటులోకి వచ్చింది, నిజమే. కానీ బీసీ, ఈబీసీ లాంటి వర్గాల వాళ్లకు 10 వేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు. అది దాటితే ఏడాదికి గరిష్ఠంగా 35 వేలు. అంటే 45 వేల కాలేజీలో ఇంటి నుంచి పెట్టుకోవాల్సింది ఏడాదికి 10 వేలు, నాలుగేళ్లకు 40 వేలు. 1.60 లక్షల కాలేజీలో ఏడాదికి 1.25 లక్షలు, నాలుగేళ్లకు 5 లక్షలు. ఆ పైన బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు. నగరంలో ఉండే బీసీ కుటుంబానికి ఏటా 2 లక్షల ఆదాయం దాటితే ఆ 35 వేలు కూడా రావు. పైగా వచ్చే డబ్బు సమయానికి వస్తుందన్న నమ్మకం లేదు. రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025లో ప్రైవేట్ కాలేజీల యాజమాన్యాలే బంద్‌కు దిగాయి.

ఈ లెక్క ఒక కాగితం మీద రాసి, "మనం ఏడాదికి ఇంత పెట్టగలం, ఇంతకు మించితే అప్పు చేయాలి, అప్పు చేయడం మాకిష్టమే" అనో "చేయలేం" అనో చెప్తే పిల్లలకు అర్థం కాదా? బ్రహ్మాండంగా అర్థమవుతుంది. కాబట్టి నాన్నకు ఆ లిస్టులోంచి కొట్టేసే హక్కు ఉంది. మోయలేని ఫీజు కాలేజీని కొట్టేయొచ్చు. అయితే అది లిస్టు తయారవకముందు, కారణం చెప్పి చేయాలి. కొట్టేయగా మిగిలినవాటిని ఏ వరసలో పెట్టాలన్నది పిల్లల పని. కొట్టివేత పెద్దలది, వరస పిల్లలది. ఈ ఒప్పందం ఒక్కటి కుదిరితే చాలా ఇళ్లల్లో ఆ వారం ప్రశాంతంగా గడుస్తుంది.

కొట్టివేతల్లో ఫీజు కంటే ఎక్కువ పనిచేసే కారణం ఇంకొకటుంది. అది ఆడపిల్లల లిస్టుల్లోనే కనిపిస్తుంది: దూరం. అదే ఇంట్లో అన్న గండిపేట దాకా పోయి చదివొస్తాడు, చెల్లికి మాత్రం "సైదాబాద్ దాటొద్దు". కన్వీనర్ సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు రిజర్వేషన్ ఉంది. ప్రభుత్వం ఇచ్చిన ఆ అవకాశాన్ని మనం ఇంటి దగ్గర బస్సు రూటుతో కోసేస్తున్నాం. దూరం గురించి భయపడొద్దని నేననను. ఇబ్రహీంపట్నం వైపో ఘట్‌కేసర్ వైపో ఉన్న కాలేజీ నుంచి చలికాలం సాయంత్రం ఇంటికి రావడం తేలికైన పని కాదు. కానీ భయాన్ని కొలవండి. ఆప్షన్లు మొదలయ్యేలోపు ఒక రోజు తల్లీ కూతుళ్లు కాలేజీ వదిలే వేళకు అక్కడి నుంచి ఇంటికి వచ్చి చూడండి. మలక్‌పేట స్టేషన్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా కూకట్‌పల్లి వైపు జేఎన్‌టీయూ కాలేజ్ స్టేషన్‌లో దిగొచ్చు. మ్యాప్‌లో దూరంగా కనబడేది దారిలో దగ్గరవుతుంది, దగ్గరనుకున్నది రెండు బస్సులు మారే దూరమవుతుంది. వెళ్లి చూశాక కొట్టేస్తే అది నిర్ణయం. చూడకుండా కొట్టేస్తే అలవాటు. అదే కొలత కొడుకులకూ పెట్టండి.

రెండో పని కాగితాలు. దీన్ని చిన్నచూపు చూడకండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ. ఆదాయ పత్రం ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. రీయింబర్స్‌మెంట్ దాని మీదే ఆధారపడుతుంది. స్లాట్ బుక్ చేసుకుని హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్లేలోపు ఇవన్నీ చేతిలో ఉండాలి. మీసేవలో లైన్లో నిలబడటం, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం, పాత స్కూల్ మూతపడితే ఎవరిని అడగాలో కనుక్కోవడం మన అమ్మానాన్నలకు వచ్చినంత బాగా మనకు రాదు. ఇంగ్లీషు రాదు కాబట్టి పిల్లల చదువులో మేమేం చేయగలం అనుకునే తల్లులు మా పేటలో చాలామంది ఉన్నారు. ఒక్క ఆదాయ పత్రం మార్చిలోనే తెచ్చి బీరువాలో పెట్టిన తల్లి, లిస్టులు చెప్పే పదిమంది కంటే ఎక్కువ సాయం చేసినట్టు.

మూడోది ఫోన్. లాగిన్ ఐడీ, ఓటీపీ రిజిస్టర్ చేసిన నంబర్‌కే వస్తాయి. ఆ నంబర్ ఇంట్లో వాళ్లదే అయి ఉండాలి. నెట్ సెంటర్ వాడిదో, "నేను చూసుకుంట అంకుల్" అనే కన్సల్టెన్సీ వాడిదో కాకూడదు. పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాడు వరస మార్చగలడు. ఇలాంటి వాళ్లే ఆ తర్వాత "మీకు కన్వీనర్ కోటాలో కష్టం, మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడతా" అని వస్తారు. సీటు అలాట్ అయ్యాక గడువులోపు ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. రెండో విడతలో ఇంకా మంచిదనుకుని పెట్టిన ఆప్షన్ వస్తే మొదటి సీటు దానంతటదే రద్దవుతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు. కాబట్టి రెండో విడతలో ఇప్పుడున్న సీటు కంటే నిజంగా ఎక్కువ ఇష్టమైనవే పెట్టాలి. ఈ నాలుగు మాటలు తెలిస్తే దళారీకి మన ఇంట్లో పనే లేదు.

చివరిగా మన సంగతి. ఈ పత్రిక చదువుతున్న మనందరం ఆ పట్టిక దాటి వచ్చినవాళ్లమే. మన గల్లీలో, మన ఊళ్లో ఈ వేసవికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అప్పుడు మనం కూడా ఆ పక్కింటాయన లాగే లిస్టు చదివేసి రావొద్దు. ఫోన్ అభ్యర్థి చేతికివ్వమని అడుగుదాం. మన కాలేజీ గురించి అడిగితే ప్లేస్‌మెంట్ పోస్టర్‌లో ఉన్నది కాకుండా, ల్యాబ్‌లు ఎలా ఉన్నాయో, ఏ సబ్జెక్టుకి సార్ ఉన్నారో ఏదానికి లేరో, బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో ఉన్నదున్నట్టు చెప్దాం. మన కాలేజీ పరువు పోతుందని దాచొద్దు. ఆ మాట నమ్మి ఒకరు నాలుగేళ్లు ఇక్కడ గడపబోతున్నారు.

2025లో తుది కేటాయింపుకు ముందు మాక్ అలాట్‌మెంట్ పెట్టారు. పెట్టిన ఆప్షన్లకు ఏ సీటు రావచ్చో చూసుకుని వరస సరిచేసుకునే వీలది. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ ఒకచోట కూర్చోవడానికి మంచి సమయం. స్క్రీన్ మీద వచ్చిన కాలేజీ పేరు చూసి పిల్ల ముఖం ఎలా ఉందో ఒకసారి చూడండి. సంతోషంగా లేకపోతే కారణం అడగండి. వరస మార్చడానికి ఇంకా టైం ఉంటుంది.