ఆపద కబురుకు ఆకాశంలో ఒక దారి కావాలి

ఈశాన్య రుతుపవనాల కాలం దగ్గర పడుతోంది. నెల్లూరు జిల్లాకు చెరువులు నిండేదీ ఆ మూడు నెలల్లోనే, గండాలు వచ్చేదీ ఆ మూడు నెలల్లోనే. వానలకు ముందు ఏటా కలెక్టరేట్లో సమీక్ష జరుగుతుంది. ఇసుక బస్తాలు, పడవలు, పునరావాస కేంద్రాలు, మందుల నిల్వలు లెక్క చూస్తారు. అవన్నీ అవసరమే. అయితే ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల రైతుగా మనం అడగాల్సిన ప్రశ్న ఆ సమీక్షలో వినిపించదు. కరెంటు పోయి, సెల్ టవరు మూగబోయిన రాత్రి సాయానికి రావాల్సిన మనిషికి కబురు ఎలా అందుతుంది?

ఇది పరికరాల ముచ్చట కాదు, ప్రాణాల సంగతి. పిడుగుపాటునే చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో పిడుగులకు 2,887 మంది చనిపోయారు. ప్రకృతి విపత్తులన్నిటిలో ఎక్కువ మందిని బలిగొన్నది అదే. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఎవరో మనకు తెలుసు. వెలిగొండ వాలులో గొర్రెల వెనక ఉండే కాపరి, చేలో కలుపు తీసే కూలి, చెట్టు కింద చేరిన రైతు. పొగాకు క్యూరింగు కాలంలో బ్యారనుకు నిప్పంటుకుంటే గంటలో ఏడాది కష్టం బూడిదవుతుంది. బొగ్గేరు, బీరాపేరు పొంగితే అవతలి గట్టు ఊళ్లకు దారి ఉండదు. పాము కాటుకు మందు ఉంది, కానీ అది ఆసుపత్రిలో ఉంది. వీటన్నిటిలోనూ చావుకూ బతుక్కూ మధ్య ఉండేది కాలమే. ఆ కాలంలో సగం కబురు చేరడానికే పోతోంది.

ఇప్పుడు మన ఆపద కబుర్లన్నీ ఒకే దారం మీద వేలాడుతున్నాయి. అది సెల్‌ఫోను. 108కి కొట్టినా, 112కి కొట్టినా, సచివాలయం వాట్సాప్ గ్రూపులో పెట్టినా, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో పిడుగు హెచ్చరిక పంపినా, అన్నీ టవరు మీదుగానే రావాలి. కొండ వెనక పల్లెల్లో మామూలు రోజునే సిగ్నల్ దోబూచులాడుతుంది. గాలివానకు కరెంటు పోతే టవరు బ్యాటరీ కొన్ని గంటలే ఆగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు అంత పెద్ద నగరంలోనే ఫోన్లు మూగబోయాయి. ఇక సీతారామపురం, వరికుంటపాడు, మర్రిపాడు మండలాల మారుమూల పల్లెల మాట చెప్పేదేముంది?

కబురు విలువ ఏమిటో 2021 నవంబరు మనకు నేర్పింది. ఆ నెల 19న తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మీద నీళ్లు విరుచుకుపడ్డాయి. ముప్పై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ చెయ్యేరు నీళ్లే పెన్నలో కలిసి మన సోమశిలకు వచ్చాయి. అక్కడి నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. కోవూరు దగ్గర పడుగుపాడులో రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. పెన్న గట్టు పొలాల్లో మేసిన ఇసుకను రైతులు ఎన్ని నెలలు ఎత్తిపోశారో ఆత్మకూరు, సంగం వైపు వారికి చెప్పనక్కర్లేదు. నీళ్లు కడప నుంచి నెల్లూరుకు రావడానికి గంటలు పడుతుంది. కబురు రావడానికి సెకను చాలు. దానికంటూ ఒక దారి ఉంటేనే.

హెచ్చరికల విషయంలో కేంద్రం ఏమీ చేయలేదని మేము అనడం లేదు. సచేత్ పేరుతో ఫోన్లకు హెచ్చరికలు వస్తున్నాయి. ఒక ప్రాంతంలోని ఫోన్లన్నీ ఒక్కసారి మోగేలా సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్షలూ జరిగాయి. సిగ్నల్ లేని గ్రామాలకు 4జీ టవర్లు ఇవ్వడానికి 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 24,680 గ్రామాల లెక్కతో పథకం ఆమోదించింది. ఆ టవర్లు మన కొండలకూ రావాలి, దానికోసం అడుగుతూనే ఉందాం. కానీ జనానికి చెప్పే హెచ్చరిక వేరు, కాపాడేవాళ్లను లేపే పిలుపు వేరు. జనానికి చెప్పడం అంటే దండోరా. కాపాడేవాళ్లను పిలవడం అంటే తలుపు తట్టడం. అగ్నిమాపక సిబ్బంది, 108 బండి, కాలువ లష్కరు, లైన్‌మన్, ఆశా కార్యకర్త, పశువైద్య సహాయకుడు, ఊళ్లో ఈత వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు. వీళ్ల తలుపు అర్ధరాత్రి తట్టే ఏర్పాటు మనకు లేదు.

అలాంటి ఏర్పాటు ప్రపంచానికి కొత్తది కాదు. దాని పేరు పేజర్. 1995 ప్రాంతంలో మన నగరాల్లో వ్యాపారుల నడుములకు వేలాడిన డబ్బీయే అది. సెల్‌ఫోను రాగానే ఆ వ్యాపారం పోయింది, డబ్బీ చెత్తబుట్టలో పడింది. అయితే వ్యాపారానికి పనికిరానిది ఆపదకు పనికిరాదని ఎవరన్నారు? పేజర్ మాట్లాడదు, వింటుంది. ఎత్తైన చోట ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టి, "ఫలానా ఊరు, అగ్ని" అని ఇరవై ముప్పై అక్షరాల కబురు పంపితే రెండు సెకన్లలో పని అయిపోతుంది. వినేవాళ్లు ఐదుగురైనా ఐదు వందల మందైనా పట్టే సమయం అంతే. అందరూ ఒక్కసారి ఫోను చేస్తే టవరు ఉక్కిరిబిక్కిరి అయినట్టు ఇక్కడ కాదు. చిన్న పెన్సిల్ బ్యాటరీతో వారాల తరబడి నడుస్తుంది. ట్రాన్స్‌మిటర్‌కు సోలార్ పలక, రెండు రోజులకు సరిపడా బ్యాటరీ ఉంటే ఊరంతా చీకటైనా పిలుపు పోతుంది.

మరి అడ్డేమిటి? డబ్బీ దొరకకపోవడం పెద్ద అడ్డు కాదు. అసలు అడ్డు ఆకాశంలో ఉంది. రేడియో తరంగాలు కూడా కాలువ నీళ్లలాంటివే. ఒకే తూము దగ్గర ఇద్దరు ఒకేసారి మడవ తిప్పితే ఎవరి చేనూ తడవదు. అలాగే ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. అందుకే వంతు పెట్టాలి. ఆ వంతులన్నిటినీ కలిపి స్పెక్ట్రం అంటారు. వంతు పెట్టే అధికారం ఢిల్లీలో కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్రణాళికా విభాగానిది. 865 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్సు లేకుండా వాడుకునే చిన్న పట్టీ ఒకటుంది. వాగు మట్టం చెప్పే పరికరాలకు అది పనికొస్తుంది. కానీ అక్కడ ఎవరైనా దూరవచ్చు, శక్తికి పరిమితి ఉంది, మన పిలుపుకు రక్షణ ఉండదు. ప్రాణాల కబురును ఊరుమ్మడి బాట మీద వదలలేం. దానికి సొంత వంతు కావాలి.

ఆ వంతు అడిగే హక్కు మనకు ఉందా? ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో తేల్చి చెప్పింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం స్పెక్ట్రాన్ని మామూలుగా వేలం వేయాలంటూనే, వేలం లేకుండా నేరుగా కేటాయించగల అవసరాలను మొదటి షెడ్యూలులో చెప్పింది. విపత్తుల నిర్వహణ, ప్రాణ ఆస్తుల రక్షణ ఆ జాబితాలో ఉన్నాయి. 2005 విపత్తుల నిర్వహణ చట్టం 30వ సెక్షన్ జిల్లా విపత్తుల సంస్థకు ముందస్తు హెచ్చరికల ఏర్పాటు బాధ్యత అప్పగించింది. ఆ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే. చట్టం ఉంది, కుర్చీ ఉంది. అర్జీ పెట్టేవాళ్లు లేరు.

మనం అడిగేది ఎంతో కూడా చూద్దాం. 2022 వేలంలో ప్రభుత్వం 51,236 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రాన్ని సుమారు లక్షన్నర కోట్ల రూపాయలకు కంపెనీలకు ఇచ్చింది. పేజింగ్‌కు ఒక చానల్ అంటే 25 కిలోహెర్ట్జ్. ఒక్క మెగాహెర్ట్జ్‌లో అలాంటివి 40 పడతాయి. ఆ వేలంలో పెద్ద కంపెనీకి ఒక్క 3300 మెగాహెర్ట్జ్ బ్యాండులో దక్కిన 100 మెగాహెర్ట్జ్‌లో 4,000 పడతాయి. మనం అడిగేది ఒకటి. అదీ కంపెనీలు పోటీపడే చోట కాదు, 150 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని పాత బ్యాండులో. ఆ తరంగం పొడవు రెండు మీటర్లు. 5జీ తరంగం కంటే చెట్టూ చేమా దాటి దూరం పోయే గుణం దానికి ఉంది. ఉదయగిరి దుర్గం మూడు వేల అడుగుల ఎత్తు. అలాంటి ఎత్తు మీద ఒక ట్రాన్స్‌మిటర్, సోమశిల వైపు మరొకటి ఉంటే రెండు నియోజకవర్గాల్లో చాలా భాగానికి పిలుపు అందుతుంది. కోట కట్టడాలకు హాని లేని చోటు వెతకడం అధికారుల పని. కొండ చాటున మిగిలిన పల్లెలకు చిన్న రిపీటర్లు పెట్టుకోవచ్చు.

పెద్ద దేశాలు ఈ పాఠాన్ని తేలిగ్గా నేర్చుకోలేదు. 2021 జులైలో జర్మనీలోని ఆర్ లోయను వరద ముంచెత్తి వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి ఆ దేశంలో సెల్ బ్రాడ్‌కాస్ట్ లేదు, తర్వాత 2023లో తెచ్చుకున్నారు. అయినా తమ స్వచ్ఛంద అగ్నిమాపక దళాల నడుముల మీది పేజర్లను తీసేయలేదు. జపాన్‌లో 2019 సెప్టెంబరులో చివరి పేజర్ సేవ ఆగింది. కానీ ఆ 280 మెగాహెర్ట్జ్ తరంగాన్ని వృథాగా వదలలేదు. ఇళ్లలోని చిన్న రిసీవర్లకు విపత్తు కబుర్లు చేర్చడానికి స్థానిక సంస్థలు దాన్ని వాడుకుంటున్నాయి. మన దగ్గర ట్రాయ్ 2018 జూన్‌లో విపత్తు సేవలకు దేశవ్యాప్తంగా ప్రత్యేక బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ కోసం స్పెక్ట్రం కేటాయించాలని సిఫారసు చేసింది. మంచిదే. అయితే అలాంటి పెద్ద పథకం మహానగరాల్లో మొదలై మన మెట్టకు చేరేసరికి ఎన్ని వానాకాలాలు పోవాలి? ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం మొదలుపెట్టలేం.

అభ్యంతరాలు ఉన్నాయి, వాటికి జవాబు చెప్పుకోవాలి. పేజర్ వినడమే తప్ప తిరిగి పలకదు కాబట్టి కబురు అందిందో లేదో పంపినవారికి తెలియదు. అందుకే ఒక్కరికి కాకుండా ఊరికి ముగ్గురికి ఇవ్వాలి, వారానికోసారి పరీక్ష పిలుపు పంపి మోగిందో లేదో సచివాలయంలో రాయించాలి. ఆ కబురును దారిన పోయే రేడియో కూడా పట్టగలదు కాబట్టి రోగి పేరు, ఇంటి గుట్టు పంపకూడదు. ఊరి సంకేతం, ఆపద సంకేతం చాలు. 2024 సెప్టెంబరులో లెబనాన్‌లో పేజర్లు పేలిన సంగతి గుర్తున్నవాళ్లు భయపడతారు. అది డబ్బీ గుణం కాదు, సరుకులో కావాలని పేలుడు పదార్థం దూర్చిన కుట్ర. ఎక్కడ తయారైందో తెలిసిన, ప్రభుత్వం తనిఖీ చేసిన పరికరాలే కొనాలి. ఇక ఖర్చంటారా, ఒక్క వరదకు ఇచ్చే నష్టపరిహారం పక్కన ఇది లెక్కలోకి రాదని మా నమ్మకం.

కాబట్టి మన సంఘం నాలుగు కోర్కెలు ముందు పెడుతోంది. ఒకటి, జిల్లా విపత్తుల సంస్థ పోలీసు వైర్‌లెస్, అగ్నిమాపక శాఖలతో కలిసి ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాల్లో రేడియో సర్వే చేయించాలి. రెండు, ఆ నివేదికతో రాష్ట్ర ప్రభుత్వం కేంద్ర టెలికాం శాఖకు 2023 చట్టం మొదటి షెడ్యూలు కింద ఒక పేజింగ్ చానల్ కోసం దరఖాస్తు పెట్టాలి. మూడు, ట్రాన్స్‌మిటర్లూ పేజర్లూ విపత్తు నిధి నుంచే కొనాలి, రైతు మీద పైసా భారం వేయకూడదు. నాలుగు, పేజరు పెట్టుకునే గ్రామ యువకులకు శిక్షణ, బీమా ఇవ్వాలి. రాత్రి నిద్ర లేచి వాగులోకి దిగేవాడు రేపు తన కుటుంబం గురించి దిగులుపడకూడదు.

అర్జీ ఇచ్చి చేతులు కట్టుకుంటే ఢిల్లీలో ఫైలు కదలదు. దానికి ఆధారాలు కావాలి, వాటిని మనమే సేకరించగలం. ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలో ఒక పని చేయాలి. మీ ఊరి సరిహద్దులో ఏ మిట్ట మీద, ఏ చేలో, ఏ బ్యారను దగ్గర, ఏ మేత బీడులో ఫోను పలకదో రాయండి. కరెంటు పోయాక టవరు ఎంతసేపు ఆగిందో గడియారం చూసి రాయండి. గత వానాకాలంలో ఆపద కబురు ఎంత ఆలస్యంగా అందిందో, అందువల్ల ఏం నష్టపోయారో రాయండి. గొర్రెల కాపరులను తప్పకుండా అడగండి, ఈ మూగ చోట్లు వాళ్లకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియవు. ఆ కాగితాలన్నీ కలిపి పటం గీసి కలెక్టరు ముందు పెడదాం, మన ఎమ్మెల్యేలకూ ఎంపీకీ ఇద్దాం.

నీటి వంతు కోసం పోరాడిన రైతాంగం మనది. తూము దగ్గర రాత్రింబగళ్లు కాపలా కాసి మన వాటా మనం తెచ్చుకున్నాం. ఆకాశంలోనూ మనకు వాటా ఉంది. మనం అడిగేది 25 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఈ వానలకు అది అందకపోవచ్చు. అడగడం మాత్రం ఈ వానలకు ముందే మొదలవ్వాలి.