సంచి మాహాత్మ్యం

ఈసారి దేవుడి గురించీ, బాబాల గురించీ కాదు, సంచి గురించి రాస్తున్నాను. పచారీ సామాను, కూరగాయలు ఇంటికి తెచ్చుకునే మామూలు సంచి. "ఇంత చిన్న విషయానికి హేతువాదం ఎందుకండీ?" అని మిత్రులు కొందరు అనొచ్చు. ఏడాదికోసారి జరిగే జాతర దగ్గర నిలబడి ఆధారాలు అడిగే మనం, వారానికి రెండుసార్లు మన చేతుల మీదుగానే జరిగే పనిలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకపోతే ఎలా?

ముందు చిరాకుల లెక్క చూద్దాం. కూరగాయల దగ్గర రోల్ నుంచి చింపుకునే పల్చటి కవరు ఉంటుంది చూశారూ, దాని మూతి ఏ వైపుందో కనిపెట్టడమే ఒక పరీక్ష. రెండు పొరలూ అతుక్కుపోయి ఉంటాయి. వయసు మీద పడ్డవాళ్ళ వేళ్ళు పొడిబారి ఉంటాయి కాబట్టి పట్టు దొరకదు. నలిపి, ఊది, చివరికి అటూ ఇటూ చూసి వేలు నాలుకకి అద్దుకోవాలి. టమాటాలు తూచే అబ్బాయి ఆ కవరు మెడ మెలిపెట్టి, ముడేసి, దాని మీద స్టిక్కరు కొడతాడు. ఆ ముడి ఇంట్లో ఎవరికీ ఊడిరాదు. కత్తెర పెట్టి కొయ్యాల్సిందే. కోసిన కవరు రెండోసారి దేనికీ పనికిరాదు.

తర్వాత సర్దడం. పప్పూ ఉప్పూ అడుగున, గుడ్లూ కొత్తిమీరా పైన అన్నది చిన్నప్పుడు కొట్టుకి పరిగెత్తిన ప్రతివాడికీ తెలిసిన విద్యే. కానీ వెనక క్యూ తోస్తుంటే, కౌంటర్ అమ్మాయి వస్తువులు మన మీదకి దొర్లిస్తుంటే ఆ విద్య అక్కరకు రాదు. ఏది ముందొస్తే అది అడుగుకి పోతుంది. మునక్కాడలు ఏ సంచిలోనూ ఇమడవు. పాల పాకెట్లకి చెమట పట్టి కాగితం సంచి అడుగు నాని, సరిగ్గా రెండో అంతస్తు మెట్ల మీద ఊడుతుంది.

ఇక వేళ్ళు కోసుకుపోవడం. అదే ఐదు కిలోల బియ్యం వెడల్పాటి గుడ్డ పట్టీతో మోస్తే ఏమీ అనిపించదు. ప్లాస్టిక్ పిడి అయితే బరువుకి సాగి, తాడులా సన్నబడి వేళ్ళలోకి దిగుతుంది. బరువు అంతే, ఆనే చోటు తగ్గింది, కాబట్టి ఒత్తిడి పెరిగింది. మేకుల పడక మీద పడుకునే స్వామివారి మహిమ గుట్టు కూడా ఇదే కదా. అక్కడ వందల మేకులు బరువుని పంచుకుంటాయి. ఇక్కడ మన రెండు వేళ్ళే మొత్తం భరిస్తాయి.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసే చిరాకులు. వదలకూడనిది ఒకటుంది. మీరు బుద్ధిగా ఇంటి నుంచి గుడ్డసంచి పట్టుకెళ్ళారనుకోండి. చాలా సూపర్ మార్కెట్ల గుమ్మంలోనే సెక్యూరిటీ అతను ఆపి, "సంచి లోపలికి తీసుకెళ్ళకూడదు సార్" అని దాన్ని గూట్లో పెట్టి టోకెన్ ఇస్తాడు. సామానంతా ఏరుకుని బిల్లు కట్టే చోటికి చేరాక అడుగుతారు: "కవర్ కావాలా సార్?" నా సంచి యాభై అడుగుల దూరంలో గూట్లో ఉంది. చేతిలో పన్నెండు వస్తువులున్నాయి. వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. ఆ పరిస్థితిలో ఇచ్చే సమాధానాన్ని ఎంపిక అనొచ్చా? పది రూపాయలో పదిహేనో కట్టి సంచి కొంటాం. దాని మీద ఆ కొట్టు పేరే పెద్దక్షరాలతో ఉంటుంది. అంటే డబ్బిచ్చి మరీ వాళ్ళ ప్రకటన బోర్డు మనం మోస్తున్నామన్నమాట.

బీకాంలో మర్కంటైల్ లా చదివినవాళ్ళకి 1930 నాటి వస్తు విక్రయ చట్టం గుర్తుండే ఉంటుంది. అందులో 36వ సెక్షన్ 5వ ఉపవిభాగం ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేకపోతే సరుకుని అప్పగించే స్థితికి తేవడానికయ్యే ఖర్చు అమ్మేవాడిదే. సంచి కేసుల్లో వినియోగదారుల తరఫున వాడిన వాదన ఇదే. 2019 ఏప్రిల్‌లో చండీగఢ్ వినియోగదారుల ఫోరం 3 రూపాయల సంచి వసూలు చేసిన ఒక చెప్పుల కంపెనీ చేత 9,000 రూపాయలు కట్టించింది. 2020 డిసెంబరులో జాతీయ కమిషన్ ఇలాంటి మరో కేసులో, ముందుగా తెలియజెయ్యకుండా బిల్లు కట్టే చోట సంచికి డబ్బులడగడం అనుచితమైన వ్యాపార పద్ధతి అంది.

కొందరు మిత్రులు దీన్ని "సంచి ఉచితంగా పొందడం మన హక్కు" అని ప్రచారం చేస్తున్నారు. నేను ఒప్పుకోను. సంచికి ధర పెట్టడం తప్పు కాదు. ఐర్లాండ్‌లో 2002 మార్చిలో ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల పన్ను వేస్తే వాడకం దాదాపు 90 శాతం పడిపోయింది. ఇంగ్లండ్‌లో 2015 అక్టోబరు నుంచి పెద్ద దుకాణాల్లో 5 పెన్నీలు పెట్టారు, 2021లో దాన్ని 10 చేశారు, అక్కడా పల్చటి సంచుల అమ్మకం బాగా కుప్పకూలింది. ధర పనిచేస్తుంది, అందుకు సాక్ష్యం ఉంది. కానీ ఐర్లాండ్‌లో ఆ డబ్బు పర్యావరణ నిధికి పోయేలా పెట్టారు. ఇక్కడ కొట్టువాడి గల్లాపెట్టెలోకి పోతుంది. అక్కడ ధర పెట్టింది జనం సంచి తెచ్చుకోవాలని. ఇక్కడ తెచ్చుకున్న సంచిని గుమ్మంలో లాక్కుని మరీ ధర పెడుతున్నారు. చేపలు పట్టొద్దని బోర్డు పెట్టి, పక్కనే గాలాలు అమ్మినట్టుంది.

మన ప్రభుత్వానికీ ఒకప్పుడు ఆ ఆలోచన ఉండేది. 2011 నిబంధనల్లో చిల్లర దుకాణాలు సంచులు ఉచితంగా ఇవ్వకూడదని రాశారు. 2016లో దాన్ని మార్చి, ప్లాస్టిక్ సంచులిచ్చే దుకాణదారు స్థానిక సంస్థకి నెలకి కనీసం 4,000 రూపాయల చొప్పున రుసుము కట్టాలన్నారు. 2018 మార్చిలో ఆ నిబంధననే తీసేశారు. మిగిలింది మైక్రాన్ల లెక్క: 1999లో 20, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మందం పెంచితే జనం మళ్ళీ మళ్ళీ వాడతారని, పారేసినా ఏరుకునేవాళ్ళకి గిట్టుబాటు అవుతుందని ఉద్దేశం. రెండోది కొంత నిజం. మొదటిది మాత్రం లెక్క తేలని ఆశ. అదే సైజు సంచిని 50 నుంచి 120కి పెంచితే అందులో ప్లాస్టిక్ 2.4 రెట్లవుతుంది. ఒక్కసారే వాడి పారేస్తే ఆ నిబంధన వల్ల చెత్త పెరుగుతుందే గానీ తగ్గదు. ఎన్నిసార్లు వాడుతున్నారు అన్న లెక్క ఎవరు తీస్తున్నారు?

ఇప్పుడు అసలు మహిమ దగ్గరికొద్దాం. శనివారం నూనె కొనకూడదంటే నవ్వే మనం, సంచి మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ కనిపిస్తే చాలు చేతులు జోడిస్తున్నాం. బట్టల షాపులూ, మందుల షాపులూ, పెళ్ళిళ్ళలో తాంబూలాలూ అన్నింటిలోనూ ఇప్పుడు గుడ్డలా కనిపించే రంగురంగుల సంచులు. "ప్లాస్టిక్ కాదండీ, క్లాత్" అంటారు. అది గుడ్డ కాదు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ని సన్నటి పోగులుగా పోసి, వేడితో అతికించిన రేకు. నేత లేదు, పడుగూ లేదు, పేకా లేదు. కావాలంటే చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట నీళ్ళ గిన్నె మీద అంటించి చూడండి. నూలు గుడ్డ అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది ముడుచుకుని, కరిగి, బొట్లుగా కారి, నీళ్ళలో పడి గట్టి పూసలవుతుంది. నిమ్మకాయలోంచి రక్తం తీసే విద్యని బయటపెట్టడానికి మనం చేసే ప్రదర్శన లాంటిదే ఇదీ, ఖర్చు ఇంకా తక్కువ. ప్రభుత్వ నిబంధన కూడా వీటిని నాన్ వోవెన్ ప్లాస్టిక్ సంచులనే పిలుస్తుంది. చదరపు మీటరుకి 60 గ్రాముల లోపు బరువున్నవాటిని 2021 సెప్టెంబరు 30 నుంచి వాడకూడదంది. చెప్పొచ్చేదేమిటంటే, మొన్నామధ్య ఒక హేతువాద సభలో కరపత్రాలు పెట్టి పంచిన సంచి కూడా ఇదే రకం. మీద "ప్రశ్నించు" అని అచ్చేశారు!

మట్టిలో కలిసిపోయే సంచులు మరో రకం. 2021 ఆగస్టులో డిఆర్‌డిఓ తయారు చేసిన అలాంటి సంచులమ్మే కౌంటర్ తిరుమలలో తెరిచారు. రక్షణ శాఖ లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి, ఆ సంస్థ మీద నాకు గౌరవమే, ప్రయత్నమూ మంచిదే. కానీ ఇలాంటి సంచుల్ని పరీక్షించే ప్రమాణాలు సుమారు 58 డిగ్రీల వేడి, తేమ, గాలి ఉండే కంపోస్టు కేంద్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మీ వీధి చివర మురిక్కాలవ అలాంటి కేంద్రం కాదు. సంచి మీద కలిసిపోతుందని రాసి ఉంటే ఎక్కడ, ఎంత వేడిలో, ఎన్నాళ్ళకి అని అడగాలి.

అయితే నిజమైన నూలు సంచి పరమ పవిత్రమా? అదీ చూద్దాం. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్కలో, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచితో వాతావరణ ప్రభావంలో సమానం కావాలంటే కొత్త నూలు సంచిని 131 సార్లు వాడాలి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018 నివేదికలో వాతావరణం వరకే చూస్తే 52 సార్లు, అన్ని రకాల ప్రభావాలూ కలిపితే 7,100 సార్లు. ఈ 7,100 అన్న అంకె వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది, "చూశారా, ప్లాస్టిక్కే మేలు" అంటూ. అంకెని కూడా మంత్రంలా జపిస్తే అదీ మూఢనమ్మకమే. ఆ పెద్ద అంకె వచ్చింది ప్రధానంగా ఓజోన్ పొర అనే ఒక్క పద్దు వల్ల. పైగా వాళ్ళ లెక్కలో వాడేసిన సంచి చెత్తబుట్టలోకి, అక్కడి నుంచి కొలిమిలోకి పోతుంది. రోడ్డు మీద పారేసిన సంచి చేసే నష్టం అందులో లేదు. మన దగ్గర అది కాలవలోకి, ఆవు కడుపులోకి పోతుంది. పుట్టపర్తిలో కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ ఆవులకి ఆపరేషన్ చేయించి కడుపులోంచి ప్లాస్టిక్ తీయించింది, 2012లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. విభూతి సృష్టికి పేరుబడ్డ ఊళ్ళో ఆవు పొట్టలోంచి బయటపడింది మాత్రం కవర్లు. గోమాత అని దండం పెట్టేవాళ్ళు ఆ సంస్థ పేరు ఎన్నిసార్లు తలుచుకున్నారో!

ఇక నా లెక్క. వారానికి రెండుసార్లు వాడితే ఏడాదికి 104. అంటే 52 సార్లకి ఆరు నెలలు, 131కి పదిహేను నెలలు పడుతుంది. ఇది అసాధ్యమేమీ కాదు. కానీ ప్రతి సభలోనూ, ప్రతి పెళ్ళిలోనూ కొత్త సంచి ఇస్తుంటే ఏ ఒక్కటీ ఆ అంకె చేరదు. మీ ఇంట్లో తలుపు వెనక మేకుకి ఎన్ని సంచులు వేలాడుతున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ఇంకో సంగతి, ఆ నివేదికల్లోని అంకెలు కొత్త పత్తి పండించి, నేసి, కుట్టిన సంచికి. పాత ప్యాంటు గుడ్డతోనో, చిరిగిన దుప్పటితోనో కుట్టిన సంచికి ఆ ఖర్చు ఎప్పుడో రాసేసుకున్నాం. కొత్తగా అయ్యేది దారం, అరగంట కుట్టుపని. మా అమ్మ కుట్టిన అలాంటి సంచులకి ఆకు బొమ్మలు ఉండేవి కావు, మోకాలి దగ్గర మాసిక మాత్రం ఉండేది.

ఈ మొత్తం వ్యవహారంలో దెబ్బ తినేదెవరు? మా వీధిలో తోపుడు బండి మీద కూరగాయలమ్మే ఆమెని అడిగాను. "మొన్న మునిసిపాలిటోళ్ళొచ్చి కవర్లు గుంజుకున్నరు సార్, ఐదు వందలు రాసిండ్రు. మందంవి కొనాలంటే కొత్తిమీర కట్ట మీద మిగిలేది దానికే పోతది. కవర్ ఇయ్యకుంటేనేమో మీరే పక్క బండికి పోతరు" అంది. ఆమె మాటలో తర్కదోషం నాకేమీ కనిపించలేదు. సరుకు ముందే నింపి సీలు వేసిన పాకెట్టు నిబంధనల ప్రకారం "క్యారీ బ్యాగ్" కిందికి రాదు. కాబట్టి చిప్స్ పాకెట్టుకి, షాంపూ సాషేకి ఈ మైక్రాన్ల తంటా లేదు. పల్చటి కవర్లు తయారు చేసే యంత్రం దగ్గరికి వెళ్ళి ఆపాల్సిన పనిని బండి దగ్గరికొచ్చి చేస్తున్నారు. బంగ్లాదేశ్ 2002లోనే పల్చటి పాలిథిన్ సంచుల్ని నిషేధించింది, కాలవలు పూడి వరదలు ముంచెత్తిన అనుభవంతో. అయినా 2024 అక్టోబరులో సూపర్ షాపుల్లో, నవంబరులో కూరగాయల మార్కెట్లలో మళ్ళీ కొత్తగా అమలు మొదలుపెట్టాల్సి వచ్చింది. తయారీ ఆగకపోతే నిషేధం అలాగే ఉంటుంది.

నేను వెళ్ళే సూపర్ మార్కెట్ మేనేజరుకి ఒక ఉత్తరం ఇచ్చాను. ఖాళీ గుడ్డసంచిని లోపలికి రానివ్వండి, లేదా గూడుని బిల్లింగ్ కౌంటర్ పక్కకి మార్చండి, సంచి ధర గుమ్మంలోనే రాసిపెట్టండి, అమ్మిన సంచుల సొమ్ము ఎటు పోతోందో చెప్పండి అని నాలుగు పాయింట్లు. "హెడ్డాఫీసుకి పంపుతాం సార్" అన్నారు. రెండు నెలలైంది, జవాబు లేదు. రిమైండరు పంపించాను, నకలు దాచుకున్నాను. గుమ్మంలో ఉండే సెక్యూరిటీ అబ్బాయి మాత్రం నిన్న నెమ్మదిగా చెప్పాడు: "మడిచి ప్యాంటు జేబులో పెట్టుకుని రండి సార్, జేబులు చూడమని మాకు ఆర్డర్ లేదు."