ముఖం మాది, మీట ఎవరిది?

"దూరాన్ని చెరిపేశాం" అన్నది వీడియో కాన్ఫరెన్సింగ్ పరిశ్రమ ఎప్పుడూ చెప్పుకునే గొప్ప. దానికి 2020 తర్వాత ఇంకో గొప్ప తోడయింది: "ఆడవాళ్ళకి గడప దాటకుండా ఉద్యోగం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చాం" అని. ఈ మాట కంపెనీల ప్రకటనల్లో వినబడితే ఆశ్చర్యం లేదు. మన సెమినార్లలో, స్త్రీల సాధికారత మీద మనమే రాసుకునే వ్యాసాల్లో కూడా వినబడుతోంది. ఆ పరిశ్రమలో ఇరవై ఏళ్ళకు పైగా ఇంజనీరుగా పనిచేసినదాన్ని కాబట్టి ఈ మాటతో నాకు పేచీ ఉంది.

స్త్రీ తెరమీద కనబడటమే స్వేచ్ఛ అయితే సినిమా, టీవీ సీరియల్, చీరల ప్రకటన మనల్ని ఎప్పుడో విముక్తం చేసి ఉండాలి. ఎప్పుడు కనబడాలి, ఎంతసేపు కనబడాలి, ఎలా కనబడాలి, అసలు కనబడాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? అసలు ప్రశ్న ఇదీ. ఈ పరిశ్రమ పుట్టుక నుంచి ఇప్పటిదాకా ఆ నిర్ణయం స్త్రీ చేతిలో లేదు. అది కాకతాళీయమూ కాదు.

1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బెల్ వాళ్ళు 'పిక్చర్‌ఫోన్'ని జనానికి చూపించారు. ఆ ఏడాది జూన్ 24న సర్వీసు మొదలైనప్పుడు తొలి కాల్‌లో వాషింగ్టన్ నుంచి అమెరికా అధ్యక్షుడి భార్య లేడీ బర్డ్ జాన్సన్, న్యూయార్క్ నుంచి బెల్ లాబ్స్ శాస్త్రవేత్త ఎలిజబెత్ వుడ్ మాట్లాడుకున్నారు. ప్రారంభోత్సవానికి ఇద్దరు స్త్రీల ముఖాలు కావలసివచ్చాయి. మూడు నిమిషాలకి 16 నుంచి 27 డాలర్లు. 1970లో పిట్స్‌బర్గ్‌లో నెలకి 160 డాలర్ల అద్దెకి ఇళ్ళకీ ఆఫీసులకీ ఇవ్వబోయారు. ఎవరూ పెద్దగా తీసుకోలేదు. ఖరీదు ఒక కారణం. మాట్లాడుతున్నంతసేపూ తమ ముఖం అవతలివాళ్ళకి కనబడటం జనానికి ఇష్టం లేకపోవడం ఇంకో కారణం. అంటే అప్పటివాళ్ళకి 'వద్దు' అనే వీలుంది, అన్నారు. యాభై ఏళ్ళ తర్వాత ఆ యంత్రమే మన జీతంతో ముడిపడి వచ్చింది. ఇప్పుడు వద్దనడానికి వీల్లేదు.

ఇక ఈ యంత్రం లోపలికి వెళదాం. వీడియో అంటే బొమ్మల వరస. ఆ బొమ్మల్ని కుదించి, సన్నటి తీగలోంచి పంపి, అవతల మళ్ళీ విప్పాలి. కుదింపు ఎంత బాగా జరిగిందో తెలియాలంటే ప్రపంచమంతా ఒకే నమూనా బొమ్మమీద పరీక్షించుకోవాలి. ఆ నమూనా బొమ్మ ఏది? 1973లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాబొరేటరీలో కొందరు పరిశోధకులు 'ప్లేబాయ్' పత్రిక 1972 నవంబరు సంచికలోని నడిపేజీ బొమ్మని చింపి, పై భాగం మాత్రం స్కానర్‌కి చుట్టారు. స్వీడన్ మోడల్ లేనా నగ్నచిత్రం అది. భుజాల దాకా కత్తిరించిన 512 చుక్కల చదరపు బొమ్మగా అది లోకమంతా తిరిగింది. దశాబ్దాలపాటు ఇమేజ్ ప్రాసెసింగ్‌కి అదే గీటురాయి. మన ఇంజనీరింగ్ కాలేజీల లాబ్ రికార్డుల్లో కూడా ఆ టోపీ అమ్మాయే ఉంది. ఆమె ఎవరో, ఆ ఫోటో ఎక్కడిదో తెలియకుండానే మనమ్మాయిలు ఆమెని మసకబరిచారు, పదునుపెట్టారు, ముక్కలు చేశారు. తెలిసిన మగపిల్లలు వెనక బెంచీల్లో నవ్వుకున్నారు.

దీన్ని ప్రశ్నిస్తే వచ్చే జవాబు ఒక్కటే: "అందులో ఈకలున్నాయి, నునుపైన చర్మం ఉంది, వెలుగునీడలున్నాయి. సాంకేతికంగా మంచి బొమ్మ." ఈకలూ వెలుగునీడలూ కోడిపుంజు బొమ్మలోనూ ఉంటాయి కదా! 1996లోనే ఒక ఐ.ట్రిపుల్.ఇ. పత్రిక సంపాదకుడు డేవిడ్ మన్సన్, ఆ బొమ్మ ఆకర్షణీయమైన స్త్రీది కావడమూ, ఈ రంగంలో ఎక్కువమంది మగవాళ్ళు కావడమూ దాని ప్రాచుర్యానికి కారణమేనని రాశాడు. అయినా ఐ.ట్రిపుల్.ఇ. కంప్యూటర్ సొసైటీ ఆ బొమ్మ ఉన్న వ్యాసాలు తీసుకోమని చెప్పడానికి 2024 ఏప్రిల్ 1 దాకా పట్టింది. ఒక్క బొమ్మని పక్కన పెట్టడానికి యాభై ఏళ్ళు!

కదిలే బొమ్మల సంగతి ఇంతకన్నా విచిత్రం. వీడియో ఫోన్ల కోసం హెచ్.261, హెచ్.263 ప్రమాణాలు నడిచిన కాలంలో పరీక్షలకి వాడిన క్లిప్పులు ఇప్పటికీ ఈ రంగంలో అందరికీ తెలుసు. వాటి పేర్లు చూడండి: 'మిస్ అమెరికా', 'క్లేర్', 'సూజీ', 'అకియో', 'మదర్ అండ్ డాటర్', 'గ్రాండ్‌మా'. ఇవి స్త్రీలవి. మగవాళ్ళవి: 'సేల్స్‌మన్', 'ఫోర్‌మన్'. మగవాళ్ళలో 'ట్రెవర్' అని వట్టి పేరున్నవాడూ ఒకడున్నాడు, నిజమే. కానీ వరస మొత్తం చూస్తే సంగతి దాగదు. మగవాడికి వృత్తి ఉంది. స్త్రీకి అందాలపోటీ కిరీటమో, ముద్దుపేరో, తల్లీ అమ్మమ్మా అనే చుట్టరికమో ఉంది. అకియో క్లిప్పులో ఉన్నది వార్తలు చదివే మనిషి. ఆమె పని కళ్ళముందే కనబడుతోంది, అయినా క్లిప్పుకి 'న్యూస్‌రీడర్' అని పేరు రాలేదు. ఎవరో కూర్చుని కుట్రపన్ని పెట్టిన పేర్లు కావివి. కుట్ర అక్కర్లేకుండానే ఇలా జరిగిపోవడాన్నే మనం పితృస్వామ్యం అంటున్నాం.

"పరీక్ష బొమ్మల పేర్లతో ఏమొస్తుంది, పని చూడండి" అంటారు. సరే, పనే చూద్దాం.

నేను మొదట చేరింది హైదరాబాదులో ఒక వీడియో కాన్ఫరెన్సింగ్ కంపెనీ. రెండు ఐ.ఎస్.డి.ఎన్. చానళ్ళమీద 128 కిలోబిట్లలో మనిషి ముఖాన్ని పంపడమే గొప్పగా ఉన్న రోజులు. అవతలి గదిలో మాట్లాడిన మాట ఇవతలి స్పీకర్‌లోంచి వచ్చి మైకులో పడి మళ్ళీ వెనక్కి వెళ్ళకుండా ఆపాలి. దాన్ని ఎకో కాన్సిలేషన్ అంటారు. గది గదికీ మారే చిక్కు లెక్క అది. మా దగ్గర ఆ కోడ్ రాసింది ఒక అమ్మాయి. బ్యాంకువాళ్ళు డెమో చూడటానికి వస్తున్నారంటే మేనేజరు ఆమెతో అనే మాట: "రేపు కాస్త మంచి చీర కట్టుకునిరామ్మా, నువ్వు అవతలి గదిలో కూర్చోవాలి." ఆమె అవతలి గదిలో కూర్చుని ఒకటి నుంచి పది దాకా అంకెలు లెక్కపెడుతూ నవ్వేది. ఇవతలి గదిలో ఆమె రాసిన లెక్కని ఇంకొకాయన కస్టమర్లకి వివరించేవాడు. ఎందుకిలా అని అడిగితే "ఆమె స్క్రీన్ మీద బాగుంటుంది కదండీ" అని జవాబు. పెదవుల కదలికా మాటా కలుస్తున్నాయో లేదో చూడటానికి గంటల తరబడి కెమెరా ముందు కూర్చోబెట్టేదీ టెస్టింగ్ టీమ్‌లోని ఆడపిల్లల్నే.

కోడెక్ పెట్టెలు తీసుకుని జిల్లాలకి వెళ్ళి బిగించే పని మాత్రం మాకు ఇచ్చేవారు కాదు. "రాత్రిళ్ళు ఉండాలి, ఊళ్ళు తిరగాలి, మీకెందుకమ్మా" అనేవారు. ఆ ఆప్యాయత ఖరీదు అప్రైజల్ రోజున తెలిసేది. "సైట్ అనుభవం లేదు" అని ప్రమోషన్ ఆగేది. అదే గదిని ఉదయం తుడిచి, బల్ల మీద నీళ్ళసీసాలు పెట్టిన ఆయమ్మకి ఇచ్చే ఆజ్ఞ ఇంకొకటి: "కెమెరాలో పడకు." ఒక స్త్రీ తప్పనిసరిగా కనబడాలి, ఇంకో స్త్రీ ఎట్టి పరిస్థితిలోనూ కనబడకూడదు. ఎవరు ఏ కోవలోకి వస్తారో వర్గమూ కులమూ వయసూ రంగూ తేలుస్తాయి. ఇద్దరిలో ఎవరి ఇష్టాన్నీ ఎవరూ అడగరు.

2020లో ఈ డెమో గది ప్రతి ఇంట్లోకీ వచ్చింది. మా పరిశ్రమలో కొద్దిమందికి ఉన్న బెడద ఉద్యోగం చేసే ప్రతి స్త్రీకీ పట్టుకుంది. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పదివేల మందికి పైగా అడిగి చూస్తే, వీడియో మీటింగుల తర్వాత విపరీతంగా అలసిపోతున్నామని చెప్పినవాళ్ళు స్త్రీలలో 13.8 శాతం, పురుషులలో 5.5 శాతం. తెరమీద తన ముఖాన్ని తానే ఎడతెగకుండా చూసుకోవలసిరావడం ఇందులో ముఖ్యమైన కారణమని తేల్చారు. రోజంతా ఎదురుగా అద్దం పట్టుకుని ఒక మనిషి నిలబడితే మనం ఊరుకుంటామా? సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తే ఊరుకుంటున్నాం. స్వముఖ దర్శనాన్ని దాచే మీట ఉంది. కానీ దాన్ని మనమే వెతికి నొక్కుకోవాలి. ఏమీ నొక్కకపోతే అద్దం ఎదురుగానే ఉంటుంది. పైగా ముఖాన్ని నునుపు చేసే మీట, కనుబొమలు దిద్దే మీట, పెదవులకి రంగు వేసే మీట కూడా తయారుచేశారు. జబ్బు పుట్టించినవాడే మందు అమ్ముతున్నాడన్నమాట!

ఇక 'ఇంటి నుంచి పని' ఇచ్చిన స్వేచ్ఛ. అమెరికా పశ్చిమతీరంలో వేసవిలో ఉదయం తొమ్మిదంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. పిల్లని పడుకోబెట్టే వేళకి జుట్టు దువ్వుకుని, వెనక ఆరేసిన బట్టలు తీసేసి, కుక్కర్ కూత వినబడకుండా తలుపు వేసుకుని కూర్చోవాలి. భారత ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం 2019లో ఇంటిపనిచేసే స్త్రీ రోజుకి 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. 2024లో స్త్రీ 289, పురుషుడు 88. ఈ మధ్యలోనే కదా కెమెరాలు ఇళ్ళలోకి వచ్చింది! తేడా 202 నిమిషాల నుంచి 201 అయింది. స్వేచ్ఛ లెక్క ఒక్క నిమిషం.

అయితే తెరని పగలగొట్టమంటున్నానా? లేదు. ప్రయాణం చేయలేని వికలాంగ స్త్రీకి, పసిబిడ్డ తల్లికి, భర్త ఊళ్ళో కోర్టుకి వెళ్ళడానికి భయపడే భార్యకి అది నిజంగా ఆసరా. కానీ ఆసరా కూడా ఆమె అడిగినప్పుడే ఆసరా. జబల్‌పూర్‌లో భర్త వేసిన కేసుని హైదరాబాదుకి మార్చమని ఒక స్త్రీ కోరితే, 2017 మార్చిలో సుప్రీంకోర్టు ప్రతి కేసునీ బదిలీ చేసేకన్నా, ఇద్దరిలో ఎవరు కోరినా వీడియో కాన్ఫరెన్స్ వాడవచ్చంది. అదే ఏడాది అక్టోబరు 9న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం రెండు-ఒకటి తేడాతో దాన్ని తోసిపుచ్చి, రాజీ కుదరదని తేలాక ఇద్దరూ కలిసి ఒప్పుకుంటేనే కుటుంబ న్యాయస్థానం వీడియోకి అనుమతించవచ్చంది. మొదటి తీర్పులో భార్య వద్దన్నా భర్త అడిగితే చాలు. రెండో తీర్పులో భార్య అడిగినా భర్త వద్దంటే ఆగిపోవాలి. తెర పట్ల రెండు తీర్పులవీ ఎదురెదురు అభిప్రాయాలు. ఆమె మాటకి తుదివిలువ ఇవ్వకపోవడంలో మాత్రం ఏకాభిప్రాయం!

కాబట్టి టెక్నాలజీ మంచిదా చెడ్డదా అనే పాత చర్చలోకి మనల్ని లాగనివ్వకూడదు. అడగాల్సినవి చాలా మామూలు విషయాలు. కెమెరా వేసుకోవడం ఉద్యోగి ఇష్టం కావాలి, అప్రైజల్‌లో దాని ప్రస్తావన రాకూడదు. 2022లో నెదర్లాండ్స్ కోర్టు, కెమెరా రోజంతా వేసి ఉంచనన్న ఉద్యోగిని తీసేసిన ఒక అమెరికా కంపెనీకి ఆ తొలగింపు చెల్లదని చెప్పింది. మన చట్టాల్లోకీ ఆ మాట రావాలి. అద్దాన్ని కోరుకున్నవాళ్ళే తెరుచుకునేలా సాఫ్ట్‌వేర్ రాయాలి. కోడ్ రాసినామె ఆ కోడ్‌ని తన నోటితో వివరించాలి. సైట్‌కి వెళ్ళే పని, దానికి కావలసిన బండీ బసా భద్రతా స్త్రీలకీ ఇవ్వాలి. గది తుడిచే మనిషిని ఫ్రేములోంచి తరిమే హక్కు ఎవరికీ ఉండకూడదు.

సాహిత్యంలో 'చూపు' గురించి మనం చాలా రాశాం. కావ్యనాయిక వర్ణన మీద, సినిమా కెమెరా మీద పేజీలకి పేజీలు విశ్లేషించాం. ఆ చూపు ఇప్పుడు ప్రమాణాల కమిటీల్లో, టెస్ట్ క్లిప్పుల్లో, ముందే పెట్టి ఇచ్చిన సెట్టింగుల్లో కాపురం పెట్టింది. అక్కడిదాకా మన విమర్శ వెళ్ళకపోతే, మీట మీద వేలు పెట్టినవాళ్ళు మన సాధికారత సభకి కూడా "కెమెరా ఆన్ చేయండి మేడం" అనే చెబుతారు. మనం జుట్టు సర్దుకుంటాం.